పొద్దున్నే వచ్చే కడుపునొప్పి గురించి

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం. ఈ నెల తొమ్మిదో తరగతి పిల్లలతో మాట్లాడడానికి మన పూర్వ విద్యార్థిని ఒకరు వచ్చారు. ఆమె ఇప్పుడు పిల్లల వార్డులో స్టాఫ్ నర్సు. ఆమెను చిన్నప్పటి నుంచి ఎరిగిన టీచర్లందరిదీ ఒకటే మాట: "ఆ పిల్లేనా!" మరి ఆ రోజుల్లో పరీక్ష అంటే ఆమెకు కడుపునొప్పి. పద్యం అప్పజెప్పమంటే గొంతు పెగిలేది కాదు. సైన్సు క్లాసులో రక్తప్రసరణ పాఠం మొదలవగానే తల బల్లకు ఆనించేసేది. తన సంగతి రాయడానికి ఆమె ఒప్పుకున్నారు, పేరు మాత్రం వద్దన్నారు.

ముందు కడుపునొప్పి సంగతి చెప్తాను. ఎందుకంటే మీలో చాలామంది నన్ను అడిగేది దాని గురించే. సోమవారం పొద్దున వస్తుంది, ఆదివారం ఉండదు. అలాగని నటన కాదు. ప్రమాదం ఉందని మెదడు అనుకోగానే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తం పెద్ద కండరాల వైపు మళ్లుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. కడుపులో తిప్పడం, చేతులు చల్లబడడం అందుకే. జ్వరం ఉన్నా, బరువు తగ్గుతున్నా, రాత్రి నిద్రలోంచి లేపేంత నొప్పి ఉన్నా డాక్టరుకు చూపించాల్సిందే. అవేవీ లేకపోతే ఆ నొప్పి భయం నుంచి వస్తూ ఉండొచ్చు.

చిక్కు ఎక్కడంటే, పిల్లను ఇంటికి తీసుకెళ్లగానే నొప్పి తగ్గిపోతుంది. మనకూ హాయిగా ఉంటుంది. కానీ "తప్పించుకున్నాను కాబట్టే తగ్గింది" అని మెదడు నేర్చుకుంటుంది. మర్నాడు భయం ఇంకాస్త ముందే మొదలవుతుంది. ఆ పిల్ల విషయంలో అప్పటి క్లాస్ టీచరూ, వాళ్లమ్మగారూ కలిసి చేసింది చిన్న పనే, కాకపోతే ఓపిగ్గా చేశారు. మొదట టీచరు ఒక్కరి ముందే పద్యం చదివించారు. అది అలవాటయ్యాక పక్కన ఒక స్నేహితురాలిని కూర్చోబెట్టారు. తర్వాత తన బెంచీ దగ్గరే నిలబడి చదివింది. చివరికి క్లాసు ముందుకొచ్చి చదివింది. భయం పూర్తిగా పోయాక చదివిద్దాం అని ఎవరూ ఆగలేదు. భయం ఉండగానే, మోయగలిగినంత మేరకే చేయించారు. పై తరగతుల్లో కొన్నాళ్లు కౌన్సెలింగ్ కూడా తీసుకున్నానని ఆమె పిల్లలకు దాచకుండా చెప్పారు. అది నాకు చాలా నచ్చింది.

అంత భయస్థురాలు నర్సింగ్‌కే ఎందుకు వెళ్లిందని ఒక అబ్బాయి అడిగాడు. ఇంట్లో ఒకరికి ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చినప్పుడు అక్కడి నర్సు తనతో మాట్లాడిన తీరు చూశాక వెళ్లాలనిపించిందట. మరి రక్తం? దానికి ఆమె చెప్పిన జవాబు నాకూ కొత్తే. మామూలు భయంలో రక్తపోటు పెరుగుతుంది. రక్తం, సూది చూస్తే వచ్చే భయంలో మాత్రం కొందరికి కాస్త పెరిగి ఒక్కసారిగా పడిపోతుంది, కళ్లు తిరిగేది అందుకే. అప్పుడు ఒళ్లు వదులు చేసుకోమని చెప్తే లాభం లేదు. చేతులు, కాళ్లు, పొట్ట కండరాలు ముఖం వేడెక్కేదాకా పది పదిహేను సెకన్లు బిగించాలి. కాసేపు వదిలి మళ్లీ బిగించాలి. శిక్షణ మొదట్లో ఆమె డ్రెస్సింగ్ ట్రే పట్టుకుని నిలబడే ఈ పని చేసేవారట, పక్కవాళ్లకు తెలియకుండా. పిల్లలు అక్కడే పిడికిళ్లు బిగించి చూశారు!

ఇంకో సంగతి. చిన్నప్పుడు ఆమె రాత్రి పడుకునే ముందు పుస్తకాల సంచీ మళ్లీ మళ్లీ తెరిచి చూసుకునేది. ఎన్నిసార్లు చూసినా తృప్తి ఉండేది కాదు. వార్డులో మందు ఇచ్చే ముందు కూడా చూసుకోవాలి: సరైన రోగేనా, సరైన మందేనా, మోతాదు, ఇచ్చే మార్గం (నోటి ద్వారానా, సూది ద్వారానా), సమయం. కొన్ని మందులకైతే రెండో నర్సు కూడా చూస్తారు. ఆ తర్వాత సంతకం పెట్టి ముందుకు సాగాల్సిందే. దిగులుకు అంతు ఉండదు, ఈ జాబితాకు ఉంటుంది. తన జాగ్రత్తకు ఒక హద్దు దొరికింది అక్కడేనని ఆమె అన్నారు. డాక్టరుకు ఫోన్ చేసేటప్పుడు కూడా అంతే. ఇప్పుడు పరిస్థితి ఏమిటి, అంతకుముందు ఏం జరిగింది, నా అంచనా ఏమిటి, నాకు ఏం కావాలి అనే వరసలో చెప్తారు. మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలిస్తే గొంతు పెగలడం తేలికట.

దీన్నిబట్టి భయస్తులైన పిల్లలంతా మంచి నర్సులవుతారని నేను అనను. భయం అర్హత కాదు. నైట్ డ్యూటీలు, నొప్పితో అరిచేవాళ్లు, కళ్లముందే చనిపోయేవాళ్లు ఉండే ఉద్యోగం అది. ఇప్పటికీ కొత్త వార్డులో వేసిన మొదటి రోజు తనకు కడుపులో తిప్పుతుందని ఆమే చెప్పారు.

హిల్డెగార్డ్ పెప్లౌ అనే అమెరికన్ నర్సు ఆందోళనను నాలుగు మెట్లుగా చెప్పారు: స్వల్పం, మధ్యస్థం, తీవ్రం, పానిక్. స్వల్పంగా ఉంటే శ్రద్ధ పెరుగుతుంది, చదువుకు మంచిదే. మధ్యస్థానికి వచ్చేసరికి ధ్యాస ఒక్కదాని మీదే ఉండి, చుట్టూ ఉన్నది పట్టదు. తీవ్రమైతే చెప్పింది తలకెక్కదు. ఇంటి దగ్గర మనం చేసే పొరపాటు అక్కడే. పిల్ల వణుకుతున్నప్పుడే నీతిపాఠం మొదలుపెడతాం. అప్పుడు రెండు మూడు చిన్న మాటలు చాలు, మిగతాది సాయంత్రం మాట్లాడుకోవచ్చు.

ఆ మాటలు కూడా నిజమై ఉండాలి. సూది వేసే ముందు ఆమె "నొప్పే ఉండదు" అని ఏ పిల్లకూ చెప్పరట. "చురుక్కుమంటుంది, కాసేపే. ఏ చేతికి వేయమంటావ్?" అని అడుగుతారట. మనం కూడా "ఏం కాదులే, ఊరికే భయపడతావ్" బదులు "టెన్షన్‌గా ఉందా? ఉంటుంది. మొదటి పీరియడ్ వరకు ఉండు, తర్వాత చూద్దాం" అని చూస్తే బాగుంటుంది.

బడిలో ఇకనుంచి ఇలా చేద్దామనుకుంటున్నాం. కడుపునొప్పి అన్న పిల్లను కాసేపు విశ్రాంతి గదిలో కూర్చోబెడతాం, జ్వరం చూస్తాం, తగ్గితే తిరిగి క్లాసుకు పంపుతాం. ఒంట్లో బాగోలేదని తేలితే తప్ప వెంటనే మీకు ఫోన్ చేసి తీసుకెళ్లమనం. గేటు దగ్గర వీడ్కోలు క్లుప్తంగా ఉండనివ్వండి. ఎక్కువసేపు నిలబడి బుజ్జగిస్తే పిల్లలకు మరీ కష్టం.

బడి ఎగ్గొట్టడం, నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం వారాల తరబడి సాగితే మాత్రం ఆలస్యం చేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 10 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుంది. కాబట్టి సిగ్గుపడాల్సిన పని లేదు. క్లాస్ టీచరుకు డైరీలో ఒక్క ముక్క రాసి పంపితే చాలు, మన కౌన్సెలరుతో మాట్లాడే వేళ మేమే చూసి చెప్తాం. ఏ పనికి మీ పిల్ల ఎక్కువ భయపడుతుందో, ఏది మాత్రం ధైర్యంగా చేస్తుందో కూడా అందులో రాయండి. మొదటి మెట్టు ఎక్కడ పెట్టాలో మాకు తెలుస్తుంది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని