అమ్మ చెవిలో పాట చెప్పిన అక్కకు వందనాలు

అక్కా, మీ పేరు అడగలేకపోయాను. మంచి శుక్రవారం (గుడ్ ఫ్రైడే) మధ్యాహ్నం సికింద్రాబాద్ క్లాక్ టవర్ దగ్గరి వెస్లీ చర్చిలో మా అమ్మ పక్కన కూర్చున్నది మీరే.

షుగర్ వల్ల అమ్మకు చూపు పోయి రెండేళ్లయింది. తను పుట్టింది మెదక్ వైపు. అక్కడి పెద్ద చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. అది కడుతున్నప్పుడు కరువు రోజుల్లో వాళ్ల తాత రాళ్లు మోశాడని, ఆ పనితోనే ఇంట్లో ఇంత బువ్వ ఉడికేదని ఇప్పటికీ చెబుతుంది. కీర్తనలు ఆమెకు ప్రాణం. కానీ పల్లవులే నోటికొచ్చు, చరణాలు పుస్తకం చూసి పాడేది. చూపు పోయాక ఊరికే వింటూ కూర్చునేది. ప్రతి ఆదివారం పక్కనే ఉండి కూడా నేను గమనించలేదు. ఆ తప్పు నాదే.

మీరు మొదటి పాటకే గమనించారు. ఒక్కో పాదం ముందుగా ఆమె చెవిలో మెల్లగా చెప్పారు, ఆమె అందుకుని పాడింది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ధ్యానం మూడు గంటలు సాగితే అన్ని పాటలకూ అలాగే చేశారు. ‘దప్పిగొనుచున్నాను’ అన్న ఐదో మాట దగ్గర అమ్మ గొంతు పెగల్లేదు. అప్పుడు మీరేమీ చెప్పకుండా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

నేను ఆటో పిలిచి వచ్చేసరికి మీరు వెళ్లిపోయారు. అమ్మ ఆ రాత్రి అన్నం ముందు కూడా పాడుతూనే ఉంది అక్కా. ఇప్పుడు రోజూ చరణాలు నేను చెబుతున్నాను.