ఇరవై రోజుల గడువు, నల్లసిరా కాగితాలు

ఒరే శీనూ,

నీ ఉత్తరం అందింది. పటాన్‌చెరు వైపు మందుల ఫ్యాక్టరీని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లు తనిఖీ చేసి ఏం రాసుకున్నారో, హైదరాబాద్‌లో కూర్చుని తెప్పించుకోవచ్చా అన్నావు. నిక్షేపంగా తెప్పించుకోవచ్చు. మన సహ చట్టం పౌరులకే పనికొస్తుంది, వాళ్ల సమాచార చట్టం ఫోయా మాత్రం ఎవరడిగినా ఇమ్మంటుంది. పది రూపాయల పోస్టల్ ఆర్డరు కూడా అక్కర్లేదు.

అర్జీ పెట్టేముందు ఎఫ్‌డీఏ సైట్లో రీడింగ్ రూమ్, అంటే ఇప్పటికే బయటపెట్టిన కాగితాలుండే పేజీ, వెతుకు. ఒకే కాగితం మూడుసార్లు అడిగారంటే దాన్ని అందరికీ కనిపించేలా పెట్టాలని 2016 సవరణ. నీకు కావలసింది ఇప్పటికే అక్కడ పడి ఉండొచ్చు.

లేదనుకో, అప్పుడు రాయి. "ఆ కంపెనీ గురించి మీ దగ్గరున్న కాగితాలన్నీ" అన్నావో, ఏం కావాలో సరిగ్గా చెప్పలేదని తిప్పికొడతారు. ప్లాంటు పేరు, చిరునామా, దానికి ఎఫ్‌డీఏ ఇచ్చిన ఎఫ్‌ఈఐ నంబరు, తనిఖీ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా జరిగిందో రాయి. అడగాల్సినవి రెండే. ఒకటి ఫారం 483, అంటే తనిఖీ ముగిశాక ఇన్‌స్పెక్టర్లు యాజమాన్యం చేతిలో పెట్టే లోపాల చిట్టా. రెండోది ఈఐఆర్, ఆ తర్వాత తీరిగ్గా రాసే పూర్తి నివేదిక. "చర్య ఎందుకు తీసుకోలేదు" లాంటి ప్రశ్నలు వేయకు. ఉన్న కాగితం ఇమ్మంటుంది గాని, కూర్చుని జవాబు రాయమనదు ఆ చట్టం. నీలాంటి మామూలు అర్జీదారుకి రెండు గంటల వెతుకులాట, వంద పేజీల నకళ్లు ఉచితం. అయినా "25 డాలర్లు దాటేలా ఉంటే ముందు నాకు చెప్పండి" అని ఓ వాక్యం చేర్చు.

ఇక గడువు సంగతి. 20 పనిదినాలన్నారు, అసాధారణ పరిస్థితి అంటూ ఇంకో పది తీసుకోవచ్చు. అంతా కాగితం మీదే. 2024 ఆర్థిక సంవత్సరంలో అమెరికా కేంద్ర శాఖలన్నిటికీ కలిపి 15 లక్షల అర్జీలొస్తే, ఏడాది చివరికి గడువు దాటి మూలుగుతున్నవి రెండు లక్షల అరవై వేల పైమాటే. మన దగ్గర ఆలస్యం చేసిన అధికారికి సమాచార కమిషన్ రోజుకి 250, మొత్తం 25,000 రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. వేస్తారా లేదా అన్నది నీకు నేను చెప్పక్కర్లేదు, కానీ ఆ భయమైనా ఉంది. అక్కడ గడువు దాటితే గుమాస్తా జేబులోంచి పైసా కదలదు. పైగా ఎంతకాలానికో ఓ ఉత్తరం వస్తుంది, "ఇంకా మీకు ఆసక్తి ఉందా" అని. కనీసం 30 పనిదినాలు ఆగుతారు, నువ్వు పలక్కపోతే ఫైలు మూసేస్తారు. స్పామ్ ఫోల్డరు చూస్తూ ఉండు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. 2025 ఏప్రిల్లో ట్రంప్ ప్రభుత్వం ఆరోగ్యశాఖలో ఒక్క వేటుకి దాదాపు పదివేల మందికి ఉద్వాసన చెప్పింది. అందులో ఆ శాఖ కిందే ఉన్న రోగ నియంత్రణ సంస్థ సీడీసీలో ఈ అర్జీలు చూసేవాళ్లు కూడా పోయారు. చట్టంలో అక్షరం మార్చలేదు. కాగితం వెతికి తీసే మనిషిని తీసేస్తే చట్టాన్ని రద్దు చేసే పనేముంది? పొదుపు అని పేరు పెట్టారు.

గద్దెనెక్కాక ఈ చట్టానికి అడ్డుపడే తెలివి పాతదేలే. 1966లో అధ్యక్షుడు జాన్సన్ ప్రభుత్వానికి ఈ చట్టం ఇష్టం లేనప్పుడు, దానికి మద్దతుగా నిలిచిన రిపబ్లికన్ కుర్ర సభ్యుల్లో డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ ఒకడు. వాటర్‌గేట్ కుంభకోణం తర్వాత 1974లో దానికి పదును పెట్టే సవరణ వచ్చేసరికి ఆయన అధ్యక్షుడు ఫోర్డ్ కొలువులో ఉన్నాడు. వీటో చెయ్యమన్న వాళ్లలో తనూ ఉన్నాడు. ఫోర్డ్ వీటో చేశాడు, కాంగ్రెస్ దాన్ని తోసిపుచ్చింది. డెమోక్రాట్లు మాత్రం పులుకడిగిన ముత్యాలా అంటే, ఒబామా హయాంలోనూ అర్జీదారులు కోర్టుల చుట్టూ తిరిగారు.

సరే, కాగితాలు వచ్చాయనుకో. మసి పూసి మారేడుకాయ చేయడం అన్న మాట నీకు అక్షరాలా కనిపిస్తుంది. పేరా మధ్యలో నల్లటి పట్టీ, దాని మీద "బి4" అని చిన్న అక్షరాలు. ఏ మినహాయింపు కింద దాచారో ఆ నంబరు వేయాలి మరి. మినహాయింపులు మొత్తం తొమ్మిది. నాలుగోది వ్యాపార రహస్యం, మందుల కంపెనీల కాగితాల్లో నీకు తగిలేది ఎక్కువగా ఇదే. ఇదివరకు బయటపెడితే కంపెనీకి పోటీలో గట్టి నష్టం అని చూపించాల్సి వచ్చేది. 2019లో అమెరికా సుప్రీంకోర్టు ఆ షరతు ఎత్తేసింది. ఆహార కూపన్ల మీద ఏ దుకాణానికి ఎంత ప్రభుత్వ సొమ్ము పోతోందని సౌత్ డకోటా పత్రిక ఆర్గస్ లీడర్ అడిగిన కేసది. కంపెనీ మామూలుగా గోప్యంగా ఉంచుకునేదైతే, గోప్యంగా ఉంచుతామన్న హామీతో సర్కారుకి ఇచ్చినదైతే చాలన్నారు. జనం పన్నుల సొమ్ము లెక్క, దుకాణదారు గుట్టయి కూర్చుంది! ముగ్గురు జడ్జీలు మాత్రం ఎంతో కొంత హాని చూపించాల్సిందేనన్నారు.

నల్లపట్టీలు నచ్చకపోతే 90 రోజుల్లోపు అప్పీలు చెయ్యి, దానికి ఖర్చు లేదు. నేషనల్ ఆర్కైవ్స్‌లో ఓజిస్ అని మధ్యవర్తి ఆఫీసుంది, అదీ ఉచితమే, కాకపోతే ఇవ్వమని ఆదేశించే అధికారం దానికి లేదు. ఒక మెలిక గుర్తుంచుకో. 20 పనిదినాలు దాటినా జవాబే రాకపోతే నేరుగా కోర్టుకెక్కొచ్చు. నువ్వు కేసు వేసేలోపు వాళ్లు జవాబు పంపేశారా, ముందు అప్పీలు చేసి తీరాలి. దావా రుసుమే 405 డాలర్లు, లాయరు ఖర్చు వేరే. గెలిస్తే ఫీజు ప్రభుత్వం నుంచి రాబట్టొచ్చు, కానీ అప్పటిదాకా ఎవడు పెట్టుబడి పెట్టాలి? పెద్ద పత్రికలూ సంస్థలూ పెట్టుకోగలవు. ఫ్యాక్టరీ పక్క బోరునీళ్లు తాగేవాడి సంగతేమిటి?

అర్జీ చిత్తుప్రతి రాసి నాకు పంపు. ఎఫ్‌ఈఐ నంబరు మాత్రం రెండుసార్లు సరిచూడు. ఒకే కంపెనీకి నాలుగు ప్లాంట్లుంటే నాలుగింటికీ వేర్వేరు నంబర్లు.

నీ
మూర్తి