హెడ్డు ఇంట్లో విప్పొచ్చు, ఇంజన్ చల్లారాకే

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరేసరికి బెజవాడలో కార్లు వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ పోవడం ఏటా చూస్తున్నదే. హెడ్డు అంటే ఇంజన్ బ్లాకు మీద మూతలా కూర్చునే పైభాగం, ఆ రెంటి మధ్య లీకు కాకుండా పెట్టే రేకే గ్యాస్కెట్. లేబర్ ఖర్చు కలిసొస్తుందని కొందరు ఫోన్లో వీడియో చూసి ఇంటి దగ్గరే హెడ్డు విప్పుతున్నారు. వద్దని అనను. మంచి సాకెట్ సెట్టు, టార్క్ రెంచి (బోల్టు ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా), ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ ఉంటే మారుతి 800, పాత ఆల్టో లాంటి చిన్న పెట్రోలు ఇంజన్లకు ఇది ఇంట్లో అయ్యే పనే. అయితే విప్పే పద్ధతి తెలియక బాగున్న హెడ్డును కూడా పాడుచేసుకుంటున్నారు. నా బాధంతా దాని గురించే.

ముందు గ్యాస్కెట్ నిజంగా పోయిందో లేదో తేల్చుకోవాలి. కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) ఎక్కడా కారకుండానే తగ్గిపోతుండాలి, లేదా ఇంజన్ నడుస్తుంటే రేడియేటర్లో ఆగకుండా బుడగలు రావాలి, లేదా ఆయిల్ మట్టం చూసే డిప్ స్టిక్ మీద ఆయిల్ మజ్జిగ కలిసినట్టు తెల్లబడాలి. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు కాసేపు తెల్లపొగ వస్తే కంగారు పడక్కర్లేదు. ఇంజన్ వేడెక్కాక కూడా తగ్గకపోతేనే అనుమానించాలి.

అల్యూమినియం హెడ్డును వేడి మీద విప్పితే వంగిపోతుంది. రాత్రి ఆపిన బండిని మర్నాడు పొద్దున ముట్టుకోండి. కార్బొరేటర్ కాక ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బండి అయితే ముందు రాత్రే బండిలోని ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ తీసి, ఇంజన్ దానంతటది ఆగిపోయేదాకా నడిపితే లైన్లో ప్రెషర్ దిగిపోతుంది. పొద్దున బ్యాటరీ నెగటివ్ తీసి, కూలెంట్‌ను బేసిన్లోకి వంపండి. అది తియ్యగా ఉంటుంది, విషం. వీధికుక్కలు నాకితే చచ్చిపోతాయి. సైడు కాలువలో పోస్తే అది ఏలూరు కాలువలోనో బందరు కాలువలోనో కలుస్తుంది. దయచేసి ఆ పని చేయొద్దు.

మొదటి సిలిండర్ పిస్టన్‌ను పైకి తెచ్చి, క్రాంక్ (పిస్టన్లను ఆడించే ఇరుసు) మీద, క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) మీద ఉన్న టైమింగ్ గుర్తులు కలిశాకే ఆ రెంటినీ కలిపే టైమింగ్ బెల్టు తీయాలి. బెల్టు తీశాక క్రాంక్ గానీ క్యామ్ గానీ తిప్పకూడదు. చాలా ఇంజన్లలో వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగిలి వంగుతాయి. మ్యానిఫోల్డులు (గాలి వచ్చే, పొగ పోయే గొట్టాలు), హోసులు, వైర్లు విప్పేటప్పుడు ఒక్కోదానికీ చీటీ అంటించి ఫోటో తీసుకుంటే చాలు.

అసలు జాగ్రత్త హెడ్ బోల్టుల దగ్గరే. బిగించే వరుస నడుమ నుంచి చివరలకు వెళ్తుంది, విప్పే వరుస చివరల నుంచి నడుమకు రావాలి. ఒక్కో బోల్టును ఒకేసారి పూర్తిగా వదులు చేయకుండా, వరుసలో అన్నిటినీ పావు చుట్టు చొప్పున రెండు మూడు సార్లు తిప్పాలి. అన్నీ వదులయ్యాకా హెడ్డు లేవకపోతే, సందులో స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తొద్దు. అక్కడ పడిన చిన్న గీత చాలు, కొత్త గ్యాస్కెట్ వేసినా లీకవడానికి. చెక్కసుత్తితో పక్కల తడుతూ అటూఇటూ ఊపితే వస్తుంది. దించాక గ్యాస్కెట్ కూర్చునే ముఖం కిందికి పెట్టి నేల మీద బోర్లించొద్దు, తెరిచి ఉన్న వాల్వులు వంగుతాయి. రెండు చెక్కముక్కల మీద పెట్టండి.

పాత గ్యాస్కెట్ గీకడానికి గ్రైండర్ డిస్క్ వాడొద్దు. దాని పొడి ఆయిల్లో కలిసి బేరింగుల్ని తినేస్తుంది. పైగా ఆ ఒత్తిడికి హెడ్డు గుంటలు పడుతుంది. ప్లాస్టిక్ గీకుడుబిళ్ల, ఓపిక చాలు. బ్లాకులో బోల్టు రంధ్రాల అడుగున నీళ్లో ఆయిలో ఉండిపోతే బోల్టు బిగించినప్పుడు ఆ ద్రవం నలగదు, బ్లాకే పగలొచ్చు. ఒక్కో రంధ్రాన్ని గుడ్డతో, గాలితో ఆరబెట్టాలి.

తర్వాత హెడ్డు వంగిందేమో చూడటానికి ముఖం మీద స్ట్రెయిట్ ఎడ్జి (నిక్కచ్చిగా తిన్నగా ఉండే బద్ద) పెట్టి నిలువునా, అడ్డంగా, మూలమూలకూ కింద మిగిలే సందును ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చటి రేకులు)తో కొలవాలి. చాలా పెట్రోలు హెడ్లకు ఆ సందు 0.05 మిల్లీమీటర్ దాటితే ఫేసింగ్ (లోహాన్ని పల్చగా తీసి ముఖం చదును చేయడం) చేయించాల్సిందే. మీ మోడల్‌కు హద్దు ఎంతో మాన్యువల్లో ఉంటుంది. పగుళ్లకు ప్రెషర్ టెస్ట్ కూడా లేతు షాపులోనే చేయించండి, కంటికి కనిపించని పగుళ్లుంటాయి. డీజిల్ హెడ్లు కొన్నిటికి ఫేసింగ్ అసలు పనికిరాదు. వాటి గ్యాస్కెట్ మందం పిస్టన్ ఎత్తును బట్టి ఎంచాలి, అంచున ఉండే గాట్లో రంధ్రాలో చూసి పాతదానికి సరిపోయేదే తేవాలి.

బిగించేటప్పుడు టార్క్ ఎంతో పక్క మెకానిక్‌ను అడిగి వేయొద్దు, మాన్యువల్లో చూడండి. కొంత టార్కు, ఆపైన 90 డిగ్రీల మలుపు అని రాసి ఉంటే ఆ బోల్టులు సాగేరకం, చాలావాటిని రెండోసారి వాడకూడదు. గ్యాస్కెట్‌తో పాటే కొత్తవి కొనండి. ఇంజన్ ఆయిలు, ఫిల్టరు మార్చందే స్టార్ట్ చేయొద్దు.

ఇంత చేసినా గ్యాస్కెట్ ఎందుకు పోయిందో వెతక్కపోతే మళ్లీ పోతుంది. మన దగ్గర ఎక్కువగా కనిపించే కారణం, రేడియేటర్లో బోరు నీళ్లు పోయడం. ఉప్పు పేరుకుని నీళ్లు తిరగవు. డిస్టిల్డ్ వాటర్, గాఢ కూలెంట్ (కాన్సంట్రేట్) సగం సగం కలిపి పోయండి. థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచేది), వాటర్ పంప్, ఫ్యాన్ కూడా చూడండి.

ఆటోనగర్ లేతు షాపులవారికి ఒక మనవి. హెడ్డు ఫేసింగ్ చేసినప్పుడు ఎన్ని మిల్లీమీటర్లు తీశారో బిల్లు మీద రాసివ్వండి. తర్వాత ఆ బండి ఎవరి చేతికి వెళ్లినా, ఇంకోసారి తీయడానికి లోహం మిగిలి ఉందో లేదో వారికి తెలుస్తుంది.

ఇట్లు,
ఒక మెకానిక్, ఆటోనగర్, విజయవాడ