ముక్కుపుడక తీసింది అందుకే

సిడ్నీ
జూలై 12

అమ్మా,

ఇక్కడ అందరం కులాసా. నాన్నకి, పెద్దమ్మకి నమస్కారాలు చెప్పు. ఫోన్లో నన్ను సగం కూడా చెప్పనివ్వవు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. కళ్ళజోడు పెట్టుకుని నువ్వే చదువుకో. అక్క చేత చదివిస్తే సాయంత్రానికల్లా గంగానమ్మపేట అంతా తెలిసిపోతుంది.

మొన్న వీడియోలో నా ముక్కుకి పుడక లేకపోవడం, పక్కన మాస్కు చూసి కంగారుపడ్డావు కదా. నాకున్నది స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం. ఆ మాస్కు దానికోసం రాత్రి పెట్టుకునే సీప్యాప్ అనే మిషనుది. ముందు ముక్కుపుడక సంగతి. ఈయనతో గొడవా కాదు, మొక్కూ కాదు. రాత్రి మాస్కు పెట్టుకుంటే పుడక ఉన్నచోట రబ్బరు సరిగ్గా ఆనదు. ఆ సందులోంచి గాలి బుస్సుమని కంట్లోకి కొడుతుంది. అందుకని పడుకునేముందు తీసి పొద్దున పెట్టుకుంటున్నాను. నువ్వు వీడియోలో చూసింది ఆదివారం, అప్పటికింకా మొహమే కడుక్కోలేదు. అంతే.

రెండోది, అది ఆక్సిజన్ కాదమ్మా. 2021 మేలో బాబాయి ముఖానికి పెట్టిన మాస్కు నీకు గుర్తొచ్చిందని తెలుసు. మొదటి రాత్రి నాకూ అదే గుర్తొచ్చింది. తీసి పక్కన పడేసి, హాల్లోకి వెళ్ళి దీపం వేసుకుని కూర్చున్నాను. కానీ బాబాయికి పాడైనవి ఊపిరితిత్తులు. నావి బాగున్నాయి. నిద్రపోయాక గొంతు దగ్గర కండరాలు వదులైపోయి, నాలుక వెనక్కి జారి, గాలి వెళ్ళే దారి మూసుకుపోతోంది. పది సెకన్లో, ఇరవయ్యో, ఇంకా ఎక్కువో ఊపిరి ఉండదు. ఒంట్లో ఆక్సిజన్ తగ్గేసరికి మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, పెద్ద గురకతో మళ్ళీ మొదలు. తెల్లారాక ఒక్కటీ గుర్తుండదు. గంటకి 5 సార్లలోపు అయితే ఫర్వాలేదట, 30కి చేరితే తీవ్రం కింద లెక్క. పరీక్ష చేస్తే నాకు 46 వచ్చింది. ఈ మిషను గదిలో ఉన్న గాలినే కాస్త ఒత్తిడితో ముక్కులోకి పంపి ఆ దారి మూసుకోకుండా నిలబెడుతుంది. సిలిండరు లేదు, మందు లేదు.

తెల్లారి తలనొప్పి, రాత్రి పదేపదే బాత్రూముకి లేవడం, షుగరేమో అని నువ్వు మెంతులు నానబెట్టుకుని తాగమనడం, అదంతా దీనివల్లే. షుగరు లేదు. మెంతులు ఇంక తాగను.

నిద్రలో ఊపిరి లెక్కపెట్టే ఆ పరీక్షకి ముందు ఒక కాగితం ఇచ్చారు. మెల్‌బోర్న్ డాక్టరు ఒకాయన 1991లో తయారుచేసిందట, ప్రపంచమంతా అదే వాడతారు. ఎనిమిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు. మధ్యాహ్నం భోంచేసి ఊరికే కూర్చుంటే కునుకు పడుతుందా అని ఒకటి. మనింట్లో ఎవర్ని అడిగినా 3 వేస్తారు! కానీ సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు కునుకు పడుతుందా అన్న ప్రశ్న దగ్గర నవ్వు రాలేదు. అప్పటినుంచి కొన్నాళ్ళు పిల్లల్ని ఈయనే తిప్పారు. ఇప్పుడు నేనే నడుపుతున్నాను, డాక్టరు సరేనన్నాకే.

ఆఫీసు ఎప్పట్లాగే ఉంది.

ఈయన్ని ఏమీ అనకమ్మా. నా ఊపిరి ఆగడం ముందు గమనించింది ఆయనే. రాత్రుళ్ళు మేలుకుని, మళ్ళీ వస్తుందా లేదా అని చూస్తూ కూర్చునేవారట, నాతో అనేవారు కాదు. ఇప్పుడు ఆయనే నాకంటే ముందు నిద్రపోతున్నారు. పైగా మిషను గురించి గొప్పలొకటి. దీన్ని కనిపెట్టింది ఈ ఊళ్ళోనేనట. కోలిన్ సల్లివన్ అనే డాక్టరు, రాయల్ ప్రిన్స్ ఆల్ఫ్రెడ్ ఆస్పత్రిలో, వాక్యూమ్ క్లీనరు మోటారుతో మొదలుపెట్టి 1981లో లోకానికి చెప్పాడు. అంతకుముందు బాగా ముదిరినవాళ్ళకి గొంతుకి కన్నం పెట్టేవారు. అది విన్నాక మాస్కు మీద కోపం కొంచెం తగ్గింది నాకు.

అలవాటవడం మాత్రం అంత సులువు కాలేదు. నోరు తెరిస్తే చాలు గాలంతా బయటికి తోసుకొచ్చేస్తుంది. మొదట్లో పొద్దున లేస్తే కడుపునిండా గాలి, ఒకటే తేన్పులు. ఒత్తిడి కాస్త తగ్గించాక నయం. నిద్రలో నాకు తెలియకుండానే మాస్కు పీకేసేదాన్ని. సాయంత్రం టీవీ చూస్తూ ఊరికే పెట్టుకుని కూర్చోమంది నర్సు, అదే పనిచేసింది. చిన్నది నన్ను చూసి వినాయకుడి తొండం అని పేరు పెట్టింది. తలకి నూనె రాసుకుని పడుకుంటే పట్టీలు జారిపోతాయి, ముఖానికి క్రీము పూస్తే రబ్బరు ఆనదు, కాబట్టి తలకి నూనె ఇప్పుడు శనివారం పగలే. చలికాలం కదా, గొట్టంలో తేమ నీరై గుడగుడలాడుతుంది, దానికో గుడ్డ చుట్టాను. మాస్కు రోజూ సబ్బునీళ్ళతో కడగాలి. డబ్బు సంగతి అడగకు, ఇన్సూరెన్సువాళ్ళు కొంత ఇచ్చారు.

ఇప్పుడు లెక్క గంటకి మూడో నాలుగో. నిన్న తెల్లారి తలనొప్పి లేకుండా లేచి దోసెలు పోశాను.

లావు తగ్గితే పోతుందంటావు. తగ్గుతున్నాను. కానీ లావొక్కటే కాదు, మనింటి చిన్న గడ్డం కూడా కారణమే అంది డాక్టరు. నెలసరి ఆగే వయసులో ఆడవాళ్ళకి ఇది ఎక్కువవుతుందట కూడా. అయినా బయట చెప్పద్దంటావేమిటి? గురక మగవాళ్ళు పెడితే నిద్ర, మనం పెడితే పరువా? పెళ్ళయిన కొత్తలో పక్కకి తిరిగి పడుకో అని చెవిలో చెప్పావు చూడు, ఆ సలహా మాత్రం నిజంగా మంచిదే. వెల్లకిలా పడుకుంటే ఇంకా ముదురుతుందట. మా అత్తగారికి చెప్పేశాను. ఆవిడ ఒక్కటే అడిగారు, కరెంటు పోతే ఎలా అని.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మిషను తెస్తాను, ఇన్వర్టరు సరిచేయించి ఉంచండి. గాలికి తేమ పట్టించడానికి దానికో నీళ్ళతొట్టి ఉంటుంది, అందులో పోయడానికని నాన్న ఇన్వర్టరు బ్యాటరీ నీళ్ళు తెచ్చిపెడతారేమో, వద్దని చెప్పు. తెనాలిలో గాలికున్న తేమ చాలు, ఆ నాలుగు రోజులు తొట్టి లేకుండానే పడుకుంటాను.

అసలు సంగతి నాన్నది. ఆయనకీ ఇదే ఉందేమోనని నా అనుమానం. బీపీకి మూడు మాత్రలు వేసుకుంటున్నా దిగడం లేదు. పడక్కుర్చీలో పేపరు చేతిలో పట్టుకునే నిద్రపోతారు. గురక మధ్యలో ఆగితే నువ్వు భుజం తట్టి లేపడం నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. గుంటూరులో ఊపిరితిత్తుల డాక్టరు ఎవరికైనా చూపించమని అక్కకి చెప్పు. సరే, ఈ ఉత్తరం దానికీ ఇవ్వు. ఇంట్లోనే ఒక రాత్రి వేలికి, ఛాతీకి తగిలించి చేసే పరీక్ష కూడా ఉంది, అడగండి. నాకేం రోగం అంటారు నాన్న. మొన్న నా దగ్గర ఏడ్చినట్టు ఓసారి ఆయన దగ్గర ఏడువు. దానికీ లొంగకపోతే ఈయన చేత మాట్లాడిస్తాను, అల్లుడి మాట కాదనరు. ఆ ఖర్చు నాది, బిల్లు అక్కని నాకు పంపమను.

ఇట్లు,
నీ బుజ్జి