టియర్ గ్యాస్ వాడకంపై మా నగర పోలీస్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి నమస్కారం.

మా బస్తీవాళ్లం ఇచ్చిన వినతిపత్రాలకు జవాబు రాలేదు. అందుకే అందరి ముందూ రాస్తున్నాను.

ధర్నా రోజున మా సందులో టియర్ గ్యాస్ షెల్స్ పేల్చారు. ధర్నాకొచ్చినవాళ్లు పరుగెత్తారు, ఇళ్లలో ఉన్నవాళ్లం ఎక్కడికి పోతాం? ఆస్తమా ఉన్న మా అమ్మ ఇన్‌హేలర్ పీల్చినా ఊపిరి అందక గోడ పట్టుకుని కూలబడింది. మర్నాడు దండెం మీది బట్టలు దులిపితే మళ్లీ కళ్లు మండాయి. ఇలాంటి షెల్స్‌లో ఎక్కువగా వాడే సీఎస్ అనే రసాయనం నిజానికి గ్యాస్ కాదు, సన్నని పొడి. గుడ్డలకూ గోడలకూ అంటుకుని ఉండిపోతుంది.

దీన్ని ప్రాణం తీయని ఆయుధం అంటారు. కానీ గాలి ఎటు వీస్తే అటే పోతుంది. పసిపిల్లలకు వేరే మోతాదంటూ ఉండదు. మైదానంలో కళ్లు మండించి వదిలేసేది, మూసిన గదిలో ప్రాణం మీదికి తెస్తుంది. 2002లో మాస్కోలోని డుబ్రోవ్కా థియేటర్‌లో మిలిటెంట్లు పట్టుకున్న బందీల్లో సుమారు 130 మంది చనిపోయారు, ఎక్కువమంది వాళ్లను విడిపించడానికి రష్యా బలగాలు వదిలిన మత్తు రసాయనం వల్లే. అది టియర్ గ్యాస్ కాదు, నిజమే. కానీ ఏం వాడారో అక్కడి డాక్టర్లకు చెప్పలేదు. మా అమ్మను చూసిన డాక్టర్‌కూ ఎవరూ చెప్పలేదు.

1997లో అమల్లోకి వచ్చిన రసాయన ఆయుధాల ఒప్పందం యుద్ధంలో టియర్ గ్యాస్ వాడకూడదంది, పోలీసులకు మాత్రం అనుమతించింది. ఆ అనుమతికి హద్దు గీయాల్సింది మీరే.

ఇరుకు సందుల్లో, ఆస్పత్రుల దగ్గర షెల్స్ వాడొద్దని రాతపూర్వకంగా ఆదేశించండి. ముందే మైకులో హెచ్చరించండి. ఏ రసాయనం, ఎన్ని షెల్స్ వాడారో అదే రోజు ఆస్పత్రులకూ ప్రజలకూ తెలపండి. ఈ నెలాఖరులోగా మీ జవాబు కోరుతున్నాం.

ఇట్లు,
బస్తీ నివాసి