కర్ర ఉన్నవాడిని కోర్టుకు ఈడ్చిన దేశం

ప్రియమైన సత్యం,

నీ ఉత్తరం అందింది. అగ్రరాజ్యాన్ని లోకమంతా తప్పుపట్టినా ఒరిగేదేమీ లేదని, కర్ర ఉన్నవాడిదే బర్రె అని రాశావు. విశాఖ రేవులో ఉద్యోగమంతా గడిపినవాడివి కనుక, నీకు రేవు కథతోనే బదులు చెప్పాలనిపించింది.

1984 మొదట్లో మధ్య అమెరికాలోని చిన్న దేశం నికరాగ్వా రేవుల్లో నీళ్ల అడుగున మైన్లు, అంటే నౌకలను పేల్చే మందుపాతరలు, వెలిశాయి. ఫిబ్రవరి 25న ఎల్ బ్లఫ్‌లో రెండు చేపల పడవలకు అవి తగిలాయి. మార్చి 1న కొరింతోలో పూడిక తీసే డచ్చి నౌక, అదే నెల 20న ప్యుర్తో సాండినోలో సోవియట్ చమురు నౌక దెబ్బతిన్నాయి. పూడిక తీసే నౌక ఆగిపోతే రేవు గతి ఏమిటో నీకు నేను చెప్పాలా! ఈ పని చేయించింది అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ అని ఏప్రిల్‌లో బయటపడింది. అధ్యక్షుడు రీగన్ పార్టీవాడే అయిన సెనేటర్ బారీ గోల్డ్‌వాటర్ ఆ సంస్థ అధిపతి కేసీకి మండిపడుతూ లేఖ రాసి, ఇది అంతర్జాతీయ చట్టాన్ని ఉల్లంఘించడమేనని, యుద్ధచర్య అని తేల్చి చెప్పాడు. ఆ లేఖంటే నాకు ఇప్పటికీ గౌరవమే.

నికరాగ్వా ఏప్రిల్ 9న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం తలుపు తట్టింది. ఈ కేసు విచారించే అధికారం మీకు లేదని అమెరికా వాదించి, ఆ వాదన వీగిపోయాక 1985 జనవరిలో విచారణ నుంచే తప్పుకుంది. నా మనసును కలచివేసేది ఇదే. టెహ్రాన్‌లో తన రాయబార సిబ్బందిని బందీలుగా పట్టుకున్నప్పుడు అదే న్యాయస్థానానికి పరుగెత్తి, 1980 మే నెలలో ఇరాన్‌కు వ్యతిరేకంగా తీర్పు తెచ్చుకున్నది కూడా అమెరికాయే కదా! తనకు అక్కరకు వచ్చిన గడప, ఎదుటివాడు తొక్కేసరికి చెల్లని గడప ఎలా అయింది?

తీర్పు 1986 జూన్ 27న వచ్చింది. అప్పుడు న్యాయస్థానం అధ్యక్షుడు మన దేశానికి చెందిన నాగేంద్ర సింగ్. మైన్లు పెట్టడం చట్టవిరుద్ధమని పన్నెండు మంది న్యాయమూర్తులు అంటే, ముగ్గురు కాదన్నారు. అయితే మైన్లున్నాయని నౌకలను హెచ్చరించకపోవడం తప్పన్న అంశంలో మాత్రం ఓట్లు 14-1. అమెరికా న్యాయమూర్తి ష్వేబెల్ కూడా ఆ పద్నాలుగు మందిలో ఉన్నాడు.

ఆపై జరిగింది నీ మాటకే బలం ఇస్తుంది, ఒప్పుకుంటాను. తీర్పును పాటించమన్న తీర్మానాన్ని ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో అమెరికా వీటో చేసింది. సర్వప్రతినిధి సభలో 94 దేశాలు అనుకూలంగా, మూడే వ్యతిరేకంగా ఓటు వేసినా ఫలితం లేకపోయింది. రాజధాని మనాగువాలో ప్రభుత్వం మారాక 1991లో నికరాగ్వాయే కేసును వదులుకుంది. నష్టపరిహారం ఒక్క డాలరైనా ముట్టలేదు.

అయినా ఆ తీర్పు అటకెక్కలేదు, సత్యం. మైన్ల సంగతే కాక, పరాయి దేశపు తిరుగుబాటుదారులకు ఆయుధాలిచ్చి శిక్షణ ఇవ్వడం చట్టవిరుద్ధమని అందులో రాసిన మాటలనే, కాంగో ఉగాండాపై వేసిన కేసులో 2005లో అదే న్యాయస్థానం ఆధారంగా తీసుకుంది. పరిహారం రాలేదు కాబట్టి విమర్శ వృథా అన్న నీ లెక్కను నేను ఒప్పుకోలేకపోవడానికి కారణం ఇదే.

హెచ్చరికే లేని రేవులోకి నౌకను నడిపించుకొచ్చే పైలట్‌కు ఏ గుర్తు చూసి అనుమానం కలుగుతుంది, అసలు కలుగుతుందా? అది నీకే తెలియాలి. వచ్చే ఉత్తరంలో వివరంగా రాయి.

నీ
మూర్తి