పోర్ట్ తెరిచుందా లేదా అన్నది ఒక్క రూల్ చెప్పదు

ఒరేయ్ మామా,

నీ మెసేజ్ వచ్చి నాలుగు రోజులైంది, జవాబు రాయలేదని ఏమనుకోకు. ఈ వారమంతా ఒకే ఒక్క పేజీ పట్టుకుని కూర్చున్నాను. గూగుల్ క్లౌడ్‌లో ఫైర్‌వాల్ రూల్ (ఏ ట్రాఫిక్‌ని వదలాలో, దేన్ని ఆపాలో చెప్పే నియమం) వివరాలు తెచ్చిపెట్టే చిన్న టూల్ ఒకటి చేశాం, ఏఐ ఏజెంట్లు (మన తరఫున టూల్స్ వాడి పనులు చేసే ఏఐ ప్రోగ్రాములు) వాడుకోవడానికి. ప్రాజెక్ట్ ఐడీ, రూల్ పేరు ఇస్తే ఆ రూల్ మొత్తం జేసన్‌లో (ఫీల్డ్ పేరు, దాని విలువ అన్నట్టు రాసే టెక్స్ట్) వచ్చేస్తుంది, అంతే దాని పని. డాక్యుమెంటేషన్ రాసే బాధ్యత నాది.

మొదట ఒక్క లైనే రాశాను, "ఫైర్‌వాల్ రూల్ వివరాలు ఇస్తుంది" అని. తర్వాత టెస్ట్ ప్రాజెక్టులో ఏజెంట్‌ని అడిగాను, ఈ మెషీన్‌కి బయటి నుంచి ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి, 22 పోర్ట్) తెరిచుందా అని. టూల్‌ని పిలిచింది, 22 పోర్ట్‌కి అలౌ (వదులు), సోర్స్ 0.0.0.0/0 (ఎక్కడి నుంచైనా), ప్రయారిటీ 1000 అని వచ్చింది, వెంటనే "ప్రపంచం మొత్తానికీ తెరిచే ఉంది" అని తేల్చేసింది. అదే నెట్‌వర్క్‌లో అదే పోర్ట్‌కి 900 ప్రయారిటీతో డినై (ఆపు) రూల్ ఉంది మామా, నేనే పెట్టాను! ఇక్కడ ప్రయారిటీ 0 నుంచి 65535 వరకు ఉంటుంది, నంబర్ ఎంత చిన్నదైతే అంత ముందు, రెండూ సమానమైతే డినైదే గెలుపు. ఈ సంగతి ఏజెంట్‌కి ఎవరు చెప్పారు? మనమైతే కన్సోల్ తెరిచి పక్కనున్న రూల్స్ కూడా ఓసారి చూస్తాం. దానికి కనిపించేది నేను రాసిన ఆ లైను, వచ్చిన జేసన్, అంతే.

అందుకే టూల్ ఏం ఇస్తుందో రాయడం కంటే ఏం ఇవ్వదో రాయడానికే ఎక్కువ టైమ్ పట్టింది. ఉదాహరణకి ప్రతి నెట్‌వర్క్‌లో పైకి కనపడని రూల్స్ రెండు ఉంటాయి, లోపలికి వచ్చేదంతా ఆపు, బయటికి వెళ్ళేదంతా వదులు అని, రెండూ 65535 ప్రయారిటీతో. అవి లిస్టులో రావు. పైనుంచి సంస్థ స్థాయిలోనో ఫోల్డర్ స్థాయిలోనో పాలసీ పెట్టి ఉంటే మామూలుగా ముందు అదే చూస్తారు, అది కూడా ఈ టూల్‌కి కనపడదు.

జేసన్‌లో లేని ఫీల్డ్ ఇంకా ఇబ్బంది. రూల్ ఏ మెషీన్లకో చెప్పే టార్గెట్ ట్యాగ్ గానీ సర్వీస్ అకౌంట్ గానీ లేదంటే ఆ రూల్ ఎవరికీ వర్తించదని కాదు, ఆ నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి మెషీన్‌కీ వర్తిస్తుందని. ఏజెంట్ సరిగ్గా ఉల్టాగా అర్థం చేసుకుంది. అలాగే పైన అలౌ అని అంతా బాగానే ఉండి, ఎక్కడో ఒక మూల డిజేబుల్డ్ ట్రూ అని ఉంటే ఆ రూల్ అసలు పనిచేయడం లేదన్నమాట. ఆ ఫీల్డ్ చూడకుండా జవాబు చెప్పొద్దని విడిగా రాశాను.

ఎర్రర్ల దగ్గర కూడా చాలాసేపు ఆగాను. 404 వస్తే ఆ పేరుతో రూల్ లేదని చెప్పొచ్చు, 403 వస్తే మాత్రం "చూసే అనుమతి నాకు లేదు" అనే చెప్పాలి, "రూల్ లేదు" అనకూడదు. ఈ రెండింటినీ కలిపేస్తే సెక్యూరిటీ రిపోర్టులో తప్పు మాట పడుతుంది, దాన్ని నమ్మి ఎవరో నిద్రపోతారు. ఇంకోటి, మిగతా చాలా టూల్స్‌కి జోన్ (మెషీన్ ఉన్న చోటు) కావాలి కాబట్టి ఏజెంట్ అలవాటుగా దీనికీ జోన్ పంపిస్తోంది. ఫైర్‌వాల్ రూల్‌కి జోన్ ఉండదు, అది ప్రాజెక్టులో గ్లోబల్. ఒక్క ముక్క రాస్తే ఆ గోల పోయింది.

లోడ్ బ్యాలన్సర్ (ట్రాఫిక్‌ని మెషీన్లకి పంచేది) హెల్త్ చెక్‌లు వచ్చే 130.211.0.0/22, 35.191.0.0/16 అడ్రస్‌ల గురించి కూడా టూల్ డిస్క్రిప్షన్‌లోనే పెడదామన్నారు మావాళ్ళు, నేను ఒప్పుకోలేదు. ఏజెంట్ ఈ టూల్ వాడినా వాడకపోయినా డిస్క్రిప్షన్ ప్రతిసారీ కాంటెక్స్ట్‌లోకి (ఏఐ చదవాల్సిన పాఠంలోకి) ఎక్కుతుంది, అక్కడ ప్రతి వాక్యానికీ ఖర్చుంది. అవి వేరే పేజీలో ఉంటే చాలు.

అన్నట్టు నువ్వడిగిన ఎమ్‌సీపీ సంగతి. ఏఐకి టూల్స్ కలపడానికి 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ తెచ్చిన ప్రోటోకాల్ అది, 2025 మార్చి వెర్షన్ నుంచి టూల్‌కి రీడ్ ఓన్లీ (చదవడమే, మార్చదు) అని గుర్తు పెట్టే వీలు వచ్చింది. మేమూ పెట్టాం. కానీ అది వట్టి సూచన రా, తాళం కాదు. తాళం ఐఏఎమ్‌లోనే (ఎవరికి ఏ అనుమతో తేల్చే చోట) వెయ్యాలి, అందుకే ఈ టూల్ వాడే సర్వీస్ అకౌంట్‌కి చూడడం మాత్రమే కుదిరే నెట్‌వర్క్ వ్యూయర్ రోల్ మాత్రమే ఇచ్చాం.

పేజీ నీకు పంపిస్తున్నాను, తీరిక చేసుకుని చదువు. నువ్వు రోజంతా అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో ఫైర్‌వాల్ పని చేసే సెక్యూరిటీ గ్రూపులతో ఉంటావు, వాటిలో అలౌ తప్ప డినై అనేదే ఉండదు, ప్రయారిటీ గొడవే లేదు. కాబట్టి ప్రయారిటీ పేరా నీకు ఒక్కసారికే ఎక్కిందో లేదో నిజం చెప్పు. రెండోసారి చదవాల్సి వస్తే ఏ వాక్యం దగ్గర ఆగావో అది రాయి, రేపు సాయంత్రంలోపు మారుస్తాను.

ఉంటాను మరి,
నీ మామ